ఖర్చుల దగ్గర ఒక్క గుండు అంకె చాలదు: కింద షాపులు, పైన ఇళ్లు ఉన్న బిల్డింగులు అమ్మేవాళ్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

కింద షాపులు, పైన అద్దె ఇళ్లు ఉన్న బిల్డింగులు అమ్మకానికి పెట్టే యజమానులకూ, వాటిని అమ్మిపెట్టే బ్రోకర్లకూ ఈ ఉత్తరం రాస్తున్నాను. అలాంటిదే ఒకటి కొందామని కొంతకాలంగా తిరుగుతున్నాను. తిరిగిన ప్రతిచోటా మీరు చేతిలో పెట్టే కాగితం ఒకే తీరుగా ఉంటోంది. అద్దెల భాగం చూస్తే ముచ్చటేస్తుంది. ఏ షాపు ఎంత ఇస్తోంది, అగ్రిమెంటు ఎప్పటిదాకా ఉంది, ఏటా ఎంత పెంచుకోవచ్చు, అన్నీ వరసగా రాసి ఉంటాయి. అదే ఖర్చుల దగ్గరికి వచ్చేసరికి 'కరెంటు, నీళ్లు వగైరా' అని ఒకే ఒక్క లైను, దాని ఎదురుగా ఒక అంకె, చివర బోలెడు సున్నాలు. కరెంటు బిల్లు ఎక్కడైనా గుండు సున్నాలతో వస్తుందా అండీ?

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగితే మూడు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. సుమారుగా అంతే అవుతుందండీ అంటారు. లేదా, అదంతా అద్దెకున్నవాళ్లే కట్టుకుంటారు, మీకెందుకు టెన్షన్ అంటారు. అదీ కాకపోతే, ఇంతవరకూ ఎవరూ ఇంత లోతుగా అడగలేదే అంటారు. మొదటి రెండూ ప్రస్తుతానికి సరే. మూడోదే నాకు మింగుడు పడదు. అడగనివాళ్లకు అమ్ముడుపోవడం బిల్డింగు గొప్పతనం కాదు కదా.

మీరు మోసం చేస్తున్నారని నేను అనడం లేదు. చాలామంది యజమానులకు తమ బిల్డింగు ఎంత కరెంటు తాగుతోందో నిజంగానే తెలియదు. బిల్లు వస్తుంది, ఖాతాలోంచి డబ్బు పోతుంది, అంతే. అమ్మేటప్పుడు మాత్రం తెలియని అంకెను తెలిసినట్టు కాగితం మీద వేస్తారు. నా పేచీ అక్కడే.

ఎందుకు పేచీ అంటే, అద్దె బిల్డింగు ధర కట్టేది దాని మీద వచ్చే నికర ఆదాయాన్ని బట్టి. వచ్చే అద్దెల్లోంచి యజమాని పెట్టుకునే ఖర్చులు తీసేయగా మిగిలేది ఎంతో చూసి, ఆ మిగులు పెట్టుబడి మీద ఇంత శాతం రావాలి అని లెక్కేసి ధర చెబుతారు. మీరూ అలాగే చెబుతున్నారు. ఇప్పుడు 5 శాతం రాబడి లెక్కన ధర కట్టారనుకోండి. ఏడాది ఖర్చులో 100 తక్కువ చూపిస్తే ధరలో 2000 ఎక్కువ పడినట్టు. 8 శాతం లెక్కన అయినా 1250. అంటే మీ కాగితంలో ఆ చిన్న లైను తప్పయితే నేను నష్టపోయేది ఆ ఏడాది బిల్లు ఒక్కటే కాదు, దానికి పన్నెండు నుంచి ఇరవై రెట్లు కొన్న రోజే చేతులు మారిపోతుంది. తర్వాత నెలనెలా బిల్లు ఎలాగూ నేనే కట్టుకోవాలి. గోడకు పగులుందంటే ఇంజనీర్ని తీసుకొచ్చి చూపించుకుంటారు, పైకప్పు కారుతోందంటే బేరం ఆడతారు, అదే తూకం ఉన్న ఈ లైను దగ్గర మాత్రం నమ్మకం మీద సంతకం పెట్టమంటారు.

బ్యాంకు చూసుకుంటుందిలే అనే మాట కూడా విన్నాను. బ్యాంకు తరఫున విలువ కట్టడానికి వచ్చే మనిషికి కూడా చాలాసార్లు అందేది మీరిచ్చిన కాగితమే కదా! ఆయన దాన్నే ఎక్కించుకుంటే ఆ అంకెకు ఇంకో సంతకం తోడవుతుంది తప్ప అది నిజమైపోదు.

ఉత్త ఇళ్లే ఉన్న అపార్ట్‌మెంటులోనో, ఉత్త ఆఫీసుల బిల్డింగులోనో ఈ గొడవ ఇంత ఉండదు. షాపులూ ఇళ్లూ కలిసినచోటే అసలు చిక్కు. కరెంటు కంపెనీలు ఇంటి వాడకానికి ఒక రేటు, వ్యాపారానికి ఇంకో రేటు పెడతాయి. నీళ్ల బోర్డులు, చెత్త తీసుకెళ్లేవాళ్లు కూడా చాలాచోట్ల అంతే. బిల్డింగు మొత్తానికి ఒకే మీటరు ఉండి, కింద ఒక్క షాపు నడుస్తున్నా మొత్తం కనెక్షన్‌ని వ్యాపార రేటులో వేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఇక వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబు పద్ధతి ఉన్నచోట అయితే, నాలుగు ఇళ్లు విడివిడి మీటర్ల మీద ఉంటే నలుగురూ కింది శ్లాబులోనే ఉండిపోతారు, అదే నాలుగిళ్లు ఒకే మీటరు మీద ఉంటే అందరి వాడకం కలిసి పై శ్లాబులోకి పోతుంది, ఒక్కరూ ఒక్క లైటు కూడా ఎక్కువ వేయకుండానే బిల్లు పెరుగుతుంది. కాబట్టి ఎన్ని మీటర్లున్నాయి, ఏ మీటరు ఏ కేటగిరీలో ఉంది అన్నది మొదటి ప్రశ్న. బిల్లు ఎంత అన్నది ఆ తర్వాత.

ఇక్కడ మీ రెండో జవాబు దగ్గరికి వస్తాను. అద్దెకున్నవాళ్లే కట్టుకుంటారు అంటారు కదా, ఎవరు కడుతున్నారన్నది మీటరు మీద ఎవరి పేరుంది, ఆ మీటరు నుంచి వైరు ఎక్కడికి పోయింది అన్నదాన్ని బట్టి తేలాలి. పాత బిల్డింగుల్లో చాలాసార్లు ఈ రెండూ కలవవు. ఒకప్పటి పెద్ద షాపును రెండుగా చీలుస్తారు, వెనక గోడౌన్‌ను ఇల్లుగా మారుస్తారు, మెట్ల లైటుకు దగ్గర్లో ఏ వైరు దొరికితే దాంట్లోంచే లాగేస్తారు. ఫలితంగా కింది షాపు బోర్డు లైట్లు పైన ఇంటి మీటరు మీద వెలుగుతుంటాయి, నీళ్ల మోటారు ఎవరో ఒక పాపం అద్దెకున్నాయన మీటరు మీద తిరుగుతుంటుంది. ఆయన ఖాళీ చేశాక వచ్చే మనిషి తెలివైనవాడైతే మొదటి నెలే పట్టుకుంటాడు. అప్పుడు ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? కొత్త యజమాని నెత్తిన. వెనకటి నెలల డబ్బు తిరిగిమ్మని అడిగితే అదో తంటా.

దీన్ని కనిపెట్టడం పెద్ద విద్యేం కాదు. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎల్ఈడీ బొట్టు ఒకటి మిణుకుతూ ఉంటుంది. ఒక యూనిట్‌కి ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరు మీదే రాసి ఉంటుంది, కొన్నింటిమీద 1000, కొన్నింటిమీద 3200, అలా. షాపులో మెయిన్ స్విచ్ కట్టేసి మీటరు దగ్గరికి వచ్చి చూడాలి. ఆ బొట్టు ఆగిపోవాలి. ఇంకా మిణుకుతోందంటే ఆ షాపు స్విచ్‌కి అందకుండా ఎక్కడో ఏదో నడుస్తోందన్నమాట. 1000 అని రాసిన మీటరు దాదాపు ఏడు సెకన్లకోసారి మిణుకుతుంటే అది అర కిలోవాట్ లోడు. రాత్రీపగలూ అలాగే నడిస్తే రోజుకు 12 యూనిట్లు, ఏడాదికి 4380 యూనిట్లు. ఆ తర్వాత ఒక్కో స్విచ్ వేసుకుంటూ, కట్టేసుకుంటూ ఇంటింటికీ తిరిగితే మీటర్ల గుట్టంతా ఒక పూటలో బయటపడుతుంది. ఫ్రిజ్‌లు నడిచే షాపు ఉంటే ముందే చెప్పి, వాళ్లకు వీలైన వేళ చూసుకుని చేయాలి, పెద్ద ప్యానెల్ ఉంటే ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకోవాలి, అంతే. నేను ఈ మాట అడిగినప్పుడు ఒక బ్రోకరుగారు నేనేదో బిల్డింగు పగలగొడతానన్నట్టు చూశారు. ఆ బిల్డింగు సంగతి నేను అక్కడితో వదిలేశాను.

మీటరు ఉండే చోటు గురించి కూడా ఒక మాట. తాళం వేసిన గదిలో, తాళం ఇంకెవరి దగ్గరో ఉండే మీటర్లు చాలా చూశాను. బిల్డింగు చూపించే రోజున ఆ తాళం చెవి తెప్పించి ఉంచండి. ఎన్నిసార్లు అడిగినా చెవి దొరకకపోతే కొనేవాడికి ఏదో ఒక అనుమానం వస్తుంది, అది న్యాయమే.

ఇక బిల్లులు. ఏడాది బిల్లులు ఇస్తే సరిపోతుంది అనుకుంటారు చాలామంది. నేను రెండేళ్లవి అడుగుతాను, కారణం ఉంది. ఒక్క ఏడాదిలో ఎండాకాలం ముదిరిందా, చలి ఎక్కువైందా, రెండు ఇళ్లు ఆరు నెలలు ఖాళీగా ఉన్నాయా అన్నది తెలియదు. ఖాళీ ఇల్లు నీళ్లు తాగదు, కరెంటు వాడదు. సగం ఖాళీగా ఉన్న బిల్డింగు బిల్లుల్ని పక్కన పెట్టి, ఆదాయం దగ్గర మాత్రం అన్నీ నిండితే వచ్చే అద్దె వేసి చూపించడం నేను ఒకటికి రెండుచోట్ల చూశాను. నిండా మనుషులున్నప్పటి అద్దె, ఎవరూ లేనప్పటి ఖర్చు! అందుకే ఏ నెలలో ఏ ఇల్లు, ఏ షాపు ఖాళీగా ఉందో బిల్లుల పక్కనే రాసివ్వండి. ఆ పట్టీ మీ దగ్గర ఎలాగూ ఉంటుంది, అద్దె రాని నెలలు ఏ యజమానీ మర్చిపోడు.

బిల్లులో డబ్బు కన్నా యూనిట్లు ముఖ్యం. పోయిన ఏడాది కట్టిన మొత్తం పోయిన ఏడాది రేటు ప్రకారం వచ్చింది, నేను కట్టబోయేది రాబోయే రేటు ప్రకారం. అందుకని నెలవారీ యూనిట్లు తీసుకుని, ఇప్పుడు అమల్లో ఉన్న రేట్ల పట్టికతో మళ్లీ గుణించి చూస్తేనే నిజమైన ఖర్చు తెలుస్తుంది. మీరు ఇచ్చే కాగితంలో డబ్బు మాత్రమే ఉంటే ఆ పని చేయలేను. ఇంకోటి, అన్ని బిల్లులూ ఒకే ముప్పై రోజులకు రావు. ఒకటి 28 రోజులకి వస్తుంది, ఇంకోటి 33 రోజులకి. ఆ తేడా ఒక్కటే దాదాపు 18 శాతం. రోజుకి ఎన్ని యూనిట్లు అని లెక్కగట్టి పోల్చకపోతే లేని పెరుగుదల కనిపిస్తుంది, ఉన్నది దాక్కుంటుంది.

అంచనా రీడింగుల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. మీటరు దగ్గరికి మనిషి రాలేకపోతే, గది తాళం వేసి ఉంటే, పాత వాడకాన్ని బట్టి అంచనా వేసి బిల్లు ఇస్తారు. బిల్లు మీద ఆ ముక్క రాసి ఉంటుంది, మనమే చదవం. వరసగా కొన్ని నెలలు అంచనా మీద తక్కువ బిల్లులు వచ్చి, ఆ తర్వాత నిజం రీడింగు తీస్తే మిగిలిందంతా ఒకేసారి మీద పడుతుంది. మధ్యలో బిల్డింగు చేతులు మారి ఉంటే ఆ బరువు ఎవరిది? రిజిస్ట్రేషన్ రోజున ఇద్దరూ మీటర్ల దగ్గర నిలబడి రీడింగులు ఫోటో తీసుకుని, ఆ అంకెలు రాసుకుని సంతకాలు పెట్టుకుంటే ఆ గొడవే రాదు. పది నిమిషాల పని.

పెద్ద లోడు ఉన్న షాపుల దగ్గర ఇంకో రెండు విషయాలున్నాయి, కొంచెం సాంకేతికమే కానీ ఓపిక పట్టండి. ఒకటి, ఎక్కువ కరెంటు పోయేచోట మీటరు గుండా మొత్తం కరెంటు పంపరు, సీటీ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి అందులో కొంత వంతు మాత్రమే మీటరుకు చూపిస్తారు. 200 ఆంపియర్లను 5గా చూపించే 200/5 సీటీ అయితే మీటరులో కనిపించిన తేడాని 40తో గుణించాలి. మీటరు 50 ముందుకు కదిలితే నిజంగా వాడింది 2000 యూనిట్లు. బిల్లు చూడకుండా మీటరు మాత్రం చూసి, ఓస్ ఇంతేనా అనుకుంటే కొంప కొల్లేరే. రెండోది, డిమాండ్ చార్జీ. వ్యాపార కనెక్షన్లకు చాలాచోట్ల ఎన్ని యూనిట్లు వాడారు అనేదానికి తోడు, నెలలో ఏ 15 నిమిషాల్లోనో, అరగంటలోనో అన్నిటికన్నా ఎక్కువగా ఎంత లాగారు అనేదానికి కూడా విడిగా డబ్బు వేస్తారు. పొద్దున్నే ఓవెన్లు, ఏసీలు, మోటారు అన్నీ ఒకేసారి వేసే షాపు నెలంతా పొదుపుగా ఉన్నా ఆ ఒక్క అరగంటకి నెల మొత్తానికీ కడుతుంది. కొన్ని పద్ధతుల్లో ఏడాదిలో వచ్చిన గరిష్ఠాన్ని బట్టి మిగతా నెలలకూ కనీస చార్జీ పడుతుంది. పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చిన వంతు, పడిపోయిందని వేసే జరిమానా వేరు. డిమాండ్ చార్జీ పడే కనెక్షన్ యజమాని పేరు మీద ఉంటే, షాపు ఖాళీ అయ్యాక కూడా ఆ బిల్లులో కొంత మిగిలే ఉంటుంది. మంజూరైన లోడుకు, అంటే ఆ కనెక్షన్ మీద ఎంతదాకా లాగొచ్చని ఇచ్చిన పరిమితికి, పడే ఫిక్స్‌డ్ చార్జీ అయితే లైటు వేయకపోయినా వస్తూనే ఉంటుంది. షాపు ఖాళీగా ఉన్నప్పుడు ఖర్చు సున్నా అని మీ కాగితంలో రాసేముందు ఒకసారి ఆ నెల బిల్లు తీసి చూడండి.

అదే మంజూరు లోడుకి రెండో వైపు కూడా ఉంది. ఇప్పుడున్న బట్టల షాపు పోయి రేపు బేకరీ వస్తానంటే ఉన్న లోడు చాలుతుందా? చాలకపోతే పెంచడానికి ఎంతవుతుంది, మెయిన్ కేబుల్ మార్చాలా, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోమంటారా? ఎక్కువ అద్దె ఇచ్చే షాపులన్నీ రావచ్చు అని చెప్పి బిల్డింగును అమ్మేటప్పుడు, వాటికి కావాల్సిన కరెంటు ఆ గోడల్లో ఉందా అన్నది కూడా చెప్పాలి.

నీళ్ల దగ్గరికి వస్తే, నా అనుమానం ఎప్పుడూ లీకుల మీదే. కరెంటు వృథా అయితే ఎక్కడో వేడో, వెలుగో, చప్పుడో తెలుస్తుంది. నీళ్లు నిశ్శబ్దంగా పోతాయి. సెకనుకో బొట్టు కారే కుళాయి ఏడాదికి 11 వేల లీటర్ల దాకా వదులుతుంది. ఫ్లష్ ట్యాంకు లోపల రబ్బరు అరిగిపోతే కమోడ్‌లోకి సన్నగా జారుతూ రోజుకి వందల లీటర్లు పోవచ్చు, కంటికి ఆనదు కూడా. దీనికీ చిన్న పరీక్ష ఉంది. అందరినీ బతిమాలుకుని అర్ధరాత్రి దాటాక రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకుండా, మధ్యలో ట్యాంకు నిండే ఏర్పాటు ఉంటే దాన్నీ ఆపి, మీటరునూ, ట్యాంకు ఉంటే అందులో నీటి మట్టాన్నీ ముందూ తర్వాతా చూడాలి. గంటకు 10 లీటర్ల తేడా వచ్చిందంటే ఏడాదికి 87 వేల లీటర్లు భూమిలోకో డ్రైనేజీలోకో పోతున్నట్టు. డ్రైనేజీ చార్జీని నీళ్ల బిల్లులో ఇంత వంతు అని కలిపి వేసేచోట అయితే వాడని నీటికి రెండుసార్లు కడతాం, వచ్చినందుకొకసారి, పోయినందుకొకసారి.

ఇళ్లకూ షాపులకూ నీటి మీటరు ఒకటే ఉండి, బిల్లును చదరపు అడుగుల లెక్కన పంచుతున్నారనుకోండి. ఒకే కొలత ఉన్న రెండు షాపుల్లో ఒకటి అకౌంటెంట్ ఆఫీసు, ఇంకొకటి సెలూన్. రెండూ ఒకే వాటా కడతాయి. అకౌంటెంట్ లెక్కలు తెలిసినవాడు, ఎన్నాళ్లు ఊరుకుంటాడు? ఆయన అగ్రిమెంటు మార్చమన్న రోజున తేడా నా జేబులోంచి పోతుంది. అందుకే ఎవరెంత కడుతున్నారు అనేదాంతో పాటు, ఏ లెక్కన పంచుతున్నారు, ఆ లెక్క అగ్రిమెంటులో రాసి ఉందా, నోటి మాటా అన్నది చూడాలి. నోటి మాట మీద నడిచే పంపకం యజమాని మారగానే చెదిరిపోతుంది. అద్దెకున్నవాళ్లకు అది మంచి అవకాశం, నేను వాళ్లని తప్పు పట్టను. సబ్‌మీటర్లు, అంటే మెయిన్ మీటరు తర్వాత ఒక్కో ఇంటికీ షాపుకీ యజమానే బిగించే చిన్న మీటర్లు, పెట్టి వసూలు చేస్తున్నాం అంటే ఇంకో ప్రశ్న. సబ్‌మీటరు మీద కరెంటు లెక్కగట్టి అద్దెకున్నవాళ్ల దగ్గర వసూలు చేయడానికి చాలాచోట్ల నియమాలుంటాయి, ఎంత రేటు వేయొచ్చు, మీటరు పరీక్ష చేయించారా లాంటివి. ఎక్కడ కొంటే అక్కడి నియమం చూడాల్సిందే. బజార్లో దొరికిన మీటరు ఒకటి బిగించి యూనిట్‌కి మనసుకొచ్చిన రేటు వేసి, అందులో మిగిలేదాన్ని ఆదాయం కింద చూపిస్తే ఆ ఆదాయానికి నేను ధర కట్టను.

వసూలు గురించి ఇంకా ఒక్క మాట. అద్దెకున్నవాళ్ల నుంచి తిరిగి వచ్చే ఖర్చు కింద కాగితంలో రికవరీ అని ఒక అంకె రాస్తారు. అది రావాల్సిందా, వచ్చిందా? మూడు నెలలుగా నీళ్ల వాటా ఇవ్వని షాపు పేరు కూడా అందులో ఉంటుంది. బ్యాంకులో పడిన మొత్తం చూపించండి, చాలు. కొనేముందు అద్దెకున్న ప్రతివాళ్ల దగ్గరా ఒక చిన్న కాగితం తీసుకోవడం మంచి పద్ధతి, నేను ఇంత అద్దె ఇస్తున్నాను, కరెంటు నేనే కడుతున్నాను, నీళ్లకు ఇంత వాటా, యజమాని నాకు బాకీ లేరు, నేను యజమానికి బాకీ లేను అని. మీ మాటా వాళ్ల మాటా ఒకటైతే ఆ రోజుతో సగం భయం పోతుంది.

ఇక మీరు చెప్పే అభ్యంతరాల్లో నిజంగా బలమున్నది ఒకటుంది. అద్దెకున్నవాళ్ల పేరు మీదున్న బిల్లులు వాళ్ల సొంత విషయం, వాటిని మేమెలా చూపిస్తాం అంటారు. ఒప్పుకుంటాను. ఎవరు ఏ రాత్రి ఎంత కరెంటు వాడారో నాకు అక్కర్లేదు, నాకు ఆ హక్కూ లేదు. వాళ్లనడిగి, ఒప్పుకుంటే పేరు కొట్టేసి నెలవారీ యూనిట్లు ఇవ్వండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. మీ పేరు మీదున్న కనెక్షన్ల బిల్లులకు మాత్రం ఈ సాకు కుదరదు. కామన్ లైట్లు, లిఫ్టు, మోటారు, ఫైర్ పంపు, కెమెరాలు, బయట పార్కింగ్ లైట్లు, జనరేటర్ డీజిల్, ఉంటే గ్యాసూ బాయిలరూ, సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించే లారీ, షాపుల చెత్తకు విడిగా కట్టే డబ్బు, ఇవన్నీ మీవే కదా. డీజిలూ సెప్టిక్ లారీ ఏ బిల్లులోనూ కనిపించవు కాబట్టి ఎప్పుడూ కాగితంలోకి ఎక్కవు, కానీ ఏడాది తిరిగేసరికి కొన్న మనిషికి గుర్తుండిపోతాయి.

బకాయిల విషయం మాటల మీద వదిలేది కాదు. నీళ్ల బాకీలు, కొన్నిచోట్ల కరెంటు బాకీలు కూడా పాత యజమాని వెంట పోవు, బిల్డింగుకే అంటుకుని ఉంటాయి. కొత్త పేరు మీద కనెక్షన్ మార్చమంటే ముందు అవి కట్టమంటారు. బకాయి లేదని సంస్థ నుంచి కాగితం, ప్రతి కనెక్షన్ నంబరుకూ విడివిడిగా, రిజిస్ట్రేషన్‌కి ముందే కావాలి. పాతకాలం నాటి, ఎప్పుడో వాడకం ఆపేసిన కనెక్షన్ ఒకటి గోడకు వేలాడుతూ ఉంటే దానికి కూడా. కప్పు మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నాయని ధర పెంచేవాళ్లు అవి మీ సొంతమా, అద్దెకు తెచ్చినవా, మిగిలిన సోలార్ కరెంటును కంపెనీకిచ్చి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్ ఒప్పందం కొత్త యజమాని పేరుకు మారుతుందా అన్నది కూడా చెప్పండి. ఒప్పందం మారకపోతే ఆ తగ్గిన బిల్లు నాది కాదు.

ఇవన్నీ ఇచ్చేసరికి అమ్మకం ఆలస్యమవుతుంది, ఇంకో పార్టీ రెడీగా ఉన్నారు అంటారని తెలుసు. ఉండొచ్చు. కానీ మీ వైపు నుంచి ఒకసారి చూడండి. బిల్లులు సిద్ధంగా ఉన్న బిల్డింగు మీద బేరమాడటం కష్టం, నాకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. బిల్లులు లేని బిల్డింగు మీద ప్రతి అనుమానానికీ నేను నాకు అనుకూలంగానే ఒక అంకె వేసుకుంటాను, దాన్ని ధరలోంచి కొట్టేస్తాను. కొనేవాడి అంచనా ఎప్పుడూ అమ్మేవాడికి నచ్చే అంచనా కాదు.

కాబట్టి నేను అడిగేది ఇదీ. బిల్డింగు అమ్మకానికి పెట్టే రోజునే ఒక పట్టీ తయారుచేయండి. మీటరు నంబరు, కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది, ఏ కేటగిరీ, మంజూరు లోడెంత, ఏ గదికి పోతుంది, డబ్బు ఎవరు కడతారు. దానికి రెండేళ్ల బిల్లులు, ఖాళీ నెలల వివరం జతచేయండి. బిల్లులు పోయాయి అనొద్దు, మీ ఖాతా చరిత్ర ఇమ్మంటే సంస్థలు చాలాచోట్ల ఇస్తాయి, ఆ అర్జీ పెట్టాల్సింది ఖాతాదారు, అంటే మీరు. తెలియని చోట తెలియదు అని రాయండి. గుండు అంకె కన్నా ఆ మాటకే నేను ఎక్కువ విలువిస్తాను. అగ్రిమెంటులో ఒక షరతు కూడా పెట్టుకుందాం, చూపించిన యూనిట్లు తప్పని మొదటి ఏడాదిలో తేలితే ఆ తేడాకి మీరు బాధ్యులు అని, దానికోసం ధరలో కొంత భాగం మధ్యవర్తి దగ్గర ఆపి ఉంచేలా. అంకెలు సరైనవైతే ఈ షరతుతో మీకు పోయేదేమీ లేదు.

నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను. అలాంటి పట్టీతో ఎవరైనా పిలిస్తే ఎలక్ట్రీషియన్ని తీసుకుని మర్నాడే వస్తాను. మీటరు గది తాళం తీసి ఉంచండి.

ఇట్లు,
కొనాలనే ఉన్న ఒక మనిషి